హాస్టల్లో కంఠసర్పి: పిల్లల్ని ఇళ్ళకు పంపెయ్యమంటున్నారు, ఏం చెయ్యను?

ప్రశ్న: నేను ఒక బాలికల హాస్టల్ వార్డెన్‌ని. 180 మంది పిల్లలున్నారు. మూడు వారాల క్రితం ఎనిమిదో తరగతి అమ్మాయికి గొంతు నొప్పి, కొద్దిపాటి జ్వరం వచ్చాయి. ఊళ్ళో ఆర్ఎంపీ టాన్సిల్స్ అని మాత్రలిచ్చాడు. మూడో రోజుకి మెడ వాచింది, గవదబిళ్ళలేమో అనుకున్నాం. మాట ముద్దగా వస్తుంటే భయమేసి తీసుకెళ్తే జిల్లా ఆసుపత్రి నుంచి హైదరాబాద్ పంపారు. గొంతులో పొర చూసి డిప్తీరియా, అంటే కంఠసర్పి అన్నారు, రిపోర్టు రాకముందే ఏదో సీరం ఎక్కించారు. వారం తిరిగేసరికి పక్క మంచం పాపకు, ఆరో తరగతి, అదే వచ్చింది. వైద్య సిబ్బంది వచ్చి అందరి గొంతుల్లోంచి శాంపిల్స్ తీసి మాత్రలు మొదలుపెట్టారు. ఏ జబ్బూ లేని ఐదుగురికి పాజిటివ్ అని చెప్పారు. ఇప్పుడు తల్లిదండ్రులు గేటు దగ్గర గొడవ చేస్తున్నారు. 22 మందిని ఇప్పటికే తీసుకెళ్ళిపోయారు. మిగతావాళ్ళనీ పంపెయ్యమంటారా? అందరికీ చిన్నప్పుడు టీకాలు వేయించామంటున్నారు, మరి ఎందుకు వచ్చింది? రిపోర్టు రాకుండా సూది వేసి మా పిల్ల మీద ప్రయోగం చేశారా అని మొదటి అమ్మాయి వాళ్ళ నాన్న నన్నే నిలదీస్తున్నాడు. ఆ అమ్మాయి వచ్చే వారం తిరిగి వస్తుందట. నేను మూడు రోజులు ఆలస్యం చేశానేమోనని నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ముందు గేటు సంగతి చెప్తాను, ఎందుకంటే మిగతావన్నీ రేపు మాట్లాడుకున్నా పర్వాలేదు కానీ ఇది ఇవాళే తేలాలి. పిల్లల్ని పంపకండి. పరీక్ష అయ్యి, మందు పూర్తయ్యి, మెడికల్ ఆఫీసర్ సరే అనేదాకా ఒక్కరిని కూడా మీ అంతట మీరు పంపకండి. సెలవులిచ్చేస్తే తలనొప్పి పోతుందని పైనుంచి ఎవరైనా అన్నా సరే, వైద్యాధికారి రాతపూర్వకంగా చెప్తేనే చేస్తానని చెప్పండి.

ఎందుకో చెప్తాను. ఈ క్రిమి గొంతులో చేరాక జబ్బు బయటపడటానికి మామూలుగా రెండు నుంచి ఐదు రోజులు పడుతుంది, ఒక్కోసారి పది రోజులు కూడా. అంటే ఇవాళ మీ కళ్ళ ముందు గెంతుతున్న పిల్ల గొంతులో అది ఉండి ఉండొచ్చు. ఇంకొందరికి అసలు జబ్బే రాదు, కానీ వారాల తరబడి క్రిమిని మోస్తూ తిరుగుతారు. ఇప్పుడు వాళ్ళంతా ఒక్క గేటు లోపల, ఒక్క రిజిస్టర్లో, రోజూ చూసేవాళ్ళ కళ్ళ ముందు ఉన్నారు. బస్సులెక్కించి పంపేస్తే ఆ క్రిమి నలభై ఊళ్ళకు వెళ్తుంది. ఆ ఊళ్ళలో ఇంకా టీకా డోసులు పూర్తికాని చంటిపిల్లలుంటారు, ఎప్పుడో టీకా ప్రభావం పోయిన నాన్నమ్మలుంటారు, అక్కడ గొంతు నొప్పి వస్తే మళ్ళీ మొదట ఆర్ఎంపీ, టాన్సిల్స్ మాత్రలు, గవదబిళ్ళలనుకుని పసుపు పట్టు, ఇలా మీ దగ్గర పోయిన మూడు రోజులే ప్రతి ఊళ్ళోనూ పోతాయి.

ఇక వెళ్ళిపోయిన 22 మంది. వాళ్ళ గురించి మీరు చెయ్యగలిగినంత పని ఏ డాక్టరూ చెయ్యలేడు. మీ దగ్గర అవుటింగ్ రిజిస్టర్ ఉంటుంది కదా, అది తీసి ఇవాళే కూర్చోండి. ఒక్కొక్కరి పేరు, వయసు, ఊరు, మండలం, తీసుకెళ్ళింది ఎవరు, పనిచేసే ఫోన్ నంబరు, హాస్టల్లో ఏ గదిలో ఎవరి పక్కన పడుకునేది, ఏ రోజు వెళ్ళింది, ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలున్నారా, ఇవన్నీ రాయండి. శాంపిల్ తీశాక వెళ్ళారా తియ్యకముందే వెళ్ళారా అన్నది తప్పకుండా రాయండి. అది మెడికల్ ఆఫీసర్ చేతికిస్తే వాళ్ళ ఊరి ఏఎన్ఎం, ఆశా ఆ ఇంటికి వెళ్తారు, గొంతు చూస్తారు, మాత్రలిస్తారు. వలస వెళ్ళే కుటుంబాలుంటే ముందు వాళ్ళకే ఫోన్ చెయ్యండి, ఎందుకంటే పాలమూరు వైపు నుంచి ముంబైకో పుణెకో బస్సెక్కేశాక ఆ పిల్లను పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. వ్యాధి పాకినప్పుడు చేసే పరిశోధన అంటే మైక్రోస్కోపులు, ల్యాబులు అనుకుంటారు గానీ, నా అనుభవంలో అందులో సగం ఇలాంటి నోట్‌బుక్కు పనే. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరి పక్కన. పక్క మంచం పాపకు వచ్చిందని మీరు రాశారు చూశారా, ఆ ఒక్క మాటతోనే ఎవరిని ముందు చూడాలో నాకు అర్థమైపోయింది.

తల్లిదండ్రులతో ఎలా మాట్లాడాలంటే, గేటుకు తాళం వేసి లోపల కూర్చోవద్దు. తాళం చూస్తే మనిషికి ఇంకా భయం పెరుగుతుంది. మెడికల్ ఆఫీసర్నో ఏఎన్ఎంనో పక్కన నిలబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పండి: ఇద్దరికి జబ్బు వచ్చింది, ఆసుపత్రిలో ఉన్నారు, మిగతా అందరి గొంతులూ పరీక్ష చేశారు, మందు మొదలైంది, ఇంటికి తీసుకెళ్తే ఆ మందు మధ్యలో ఆగిపోతుంది, ఇంట్లో చిన్నపాపకు అంటుకునే ప్రమాదం ఉంది. ఏమీ లేదు, అంతా బాగుంది అని మాత్రం అనొద్దు, ఎందుకంటే రేపు మూడో కేసు వస్తే ఆ తర్వాత మీరు చెప్పే ఏ మాటా నమ్మరు. వాళ్ళకు కావలసింది పిల్లను చూడటం, కాబట్టి దూరం నుంచి చూడనివ్వండి, రోజూ సాయంత్రం ప్రతి పిల్లతో రెండు నిమిషాలు ఫోన్ మాట్లాడించండి. 150 మందికి పైగా పిల్లలకు ఫోన్లంటే కష్టమే, తెలుసు, టీచర్లందరినీ ఫోన్లు ఇమ్మని అడగండి. అయినా వినకుండా ఎవరైనా తీసుకెళ్తే పోట్లాడకండి. మాత్రలు లెక్కపెట్టి చేతికిచ్చి, ఏ లక్షణాలొస్తే పరుగెత్తాలో చెప్పి, వివరాలు రాసుకుని, అదే గంటలో పీహెచ్‌సీకి ఫోన్ చెయ్యండి.

ఇప్పుడు ఆ ఐదుగురు పిల్లల గురించి. నాకు ఎక్కువ దిగులు వాళ్ళ గురించే, వాళ్ళ ఆరోగ్యం గురించి కాదు, మిగతావాళ్ళు వాళ్ళను చూసే తీరు గురించి. 2015లో స్పెయిన్‌లో ఓలోట్ అనే ఊళ్ళో ఆరేళ్ళ బాబుకు డిప్తీరియా వచ్చింది. ఆ దేశంలో 1986 తర్వాత అదే మొదటి కేసు. ఆ బాబుకు టీకాలు వేయించలేదు. ఇవ్వాల్సిన యాంటీటాక్సిన్ (మీ అమ్మాయికి ఎక్కించిన సీరం అదే, క్రిమి వదిలే విషానికి విరుగుడు) దేశంలో దొరక్క రష్యా నుంచి తెప్పించారు, అయినా బాబు దక్కలేదు. అక్కడి వైద్యులు చుట్టుపక్కల పిల్లల గొంతులు పరీక్షిస్తే కొందరిలో అదే క్రిమి కనిపించింది. వాళ్ళందరికీ టీకాలు పడ్డాయి, ఒక్కరికీ జబ్బు రాలేదు. మీ ఐదుగురి పరిస్థితీ ఇలాంటిదే. క్రిమి గొంతులో ఉంది, ఒంటిని ఏమీ చెయ్యలేకపోయింది. వాళ్ళకు ఆ సీరం అక్కర్లేదు, యాంటీబయాటిక్ చాలు. కానీ దగ్గినా తుమ్మినా, ఒకే గ్లాసులో తాగినా పక్కవాళ్ళకు ఇవ్వగలరు కాబట్టి విడిగా గాలి వచ్చే గదిలో ఉంచాలి, మందు కోర్సు పూర్తయ్యాక 24 గంటల తేడాతో రెండుసార్లు శాంపిల్ తీసి రెండూ నెగటివ్ వస్తేనే బయటికి పంపాలి. ఇంకా క్రిమి కనిపిస్తే మళ్ళీ మందు వాడతారు, దానికి కంగారు పడక్కర్లేదు.

ఐదుగురినీ ఒకే గదిలో ఉంచండి, ఒంటరిగా ఒక్కొక్కరినీ మూలల్లో పెట్టొద్దు. పేర్లు బోర్డు మీద రాయొద్దు. హైదరాబాద్ పాతవాళ్ళు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని ఇప్పటికీ కోరంటి దవాఖాన అంటారు, క్వారంటైన్ అన్న మాటే అలా కోరంటి అయింది. ఆ మాట వింటే ఇంకా కొందరు ముసలివాళ్ళ మొహంలో బెదురు కనిపిస్తుంది, వెలివేసినట్టు అన్న అర్థం దానికి అంటుకుపోయింది. ఆ అర్థం మీ పిల్లల మీద పడనివ్వకండి. అసెంబ్లీలో అందరికీ చెప్పండి, ఈ ఐదుగురూ తప్పు చెయ్యలేదు, ఎవరి గొంతులోనైనా ఉండగలిగేదే వాళ్ళ గొంతులో దొరికింది, దొరికింది కాబట్టే మిగతావాళ్ళు క్షేమంగా ఉన్నారు అని. వాళ్ళ పుస్తకాలు, కారంబోర్డు, ఫోన్ టైము వాళ్ళకు అందేలా చూడండి.

టీకాల ప్రశ్న చాలామంది అడుగుతారు, తల్లిదండ్రులు అబద్ధం చెప్పడం లేదు కూడా. ఈ జబ్బులో మనిషిని చంపేది క్రిమి కాదు, అది వదిలే విషం. 1923లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో గాస్టన్ రామోన్ ఆ విషాన్ని ఫార్మలిన్‌తో నిర్వీర్యం చేసి టీకాగా మార్చే పద్ధతి కనిపెట్టాడు, ఇవాళ్టికీ మనం వేసేది అలాంటిదే. అంటే టీకా ఒంటికి నేర్పేది విషాన్ని ఎదుర్కోవడం, గొంతులో క్రిమి చేరకుండా ఆపడం కాదు. అందుకే టీకా వేసుకున్నవాళ్ళూ మోసేవాళ్ళు కాగలరు. రెండో సంగతి, ఆ నేర్చుకున్నది ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. పాత రోజుల్లో క్రిమి ఊరూరా తిరిగేది కాబట్టి అదే అప్పుడప్పుడు గుర్తు చేసేది. ఇప్పుడు అది తగ్గింది, కాబట్టి గుర్తు చెయ్యాల్సింది బూస్టర్ డోసే.

పీహెచ్‌సీ గోడల మీద కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం అని మూడూ కలిపి రాసేవాళ్ళు గుర్తుందా, ఆ మూడింటికీ కలిపి వేసే టీకా 6, 10, 14 వారాలకు పడుతుంది, ఇప్పుడు పెంటావాలెంట్ అనే ఐదు జబ్బుల టీకాలో కలిసి వస్తుంది. ఆ తర్వాత 16 నుంచి 24 నెలల మధ్య ఒక బూస్టర్, 5-6 ఏళ్ళకు ఇంకొకటి, 10 ఏళ్ళకు, 16 ఏళ్ళకు టీడీ, అంటే ధనుర్వాతం, కంఠసర్పి రెండింటికీ కలిపి వేసే టీకా. చంటిపిల్లప్పటివి దాదాపు అందరూ వేయిస్తారు, 'అన్నీ వేయించాం' అంటే అవే. బళ్ళో చేరాక వెయ్యాల్సినవి జారిపోతాయి. మీ ఆరో తరగతి పాప వయసు పిల్లలకు ఐదేళ్ళ బూస్టర్ పడాల్సిన టైములో కరోనా వచ్చింది, బళ్ళు మూతపడ్డాయి, ఎంతమందికి తప్పిపోయిందో మీరే కార్డులు చూస్తే తెలుస్తుంది. హైదరాబాద్‌లో 2003 నుంచి 2006 వరకు వచ్చిన కేసుల మీద ఒక అధ్యయనం జరిగింది. అందులో చిన్నపిల్లల కంటే 5 నుంచి 19 ఏళ్ళ వాళ్ళలో, మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో జబ్బు ఎక్కువ కనిపించింది. నాలుగు, అంతకంటే ఎక్కువ డోసులు పడ్డవాళ్ళను టీకా బాగానే కాపాడింది, బూస్టర్లు వేయించుకున్నవాళ్ళే తక్కువ. ఆ వయసు, ఆడపిల్లలు, ఆ లెక్క చదివి మీ హాస్టల్ గుర్తు చేసుకోండి. దీన్ని తేలిగ్గా తీసుకుంటే ఎంతదాకా వెళ్తుందో 1990ల్లో పాత సోవియట్ దేశాల్లో చూశాం, లక్షన్నరకు పైగా కేసులు, సుమారు 5,000 మరణాలు, వాళ్ళలో పెద్దవాళ్ళు బోలెడంతమంది.

కాబట్టి ఇప్పుడు హాస్టల్లో అందరికీ టీడీ వేస్తారు, వెయ్యకపోతే అడిగి వేయించుకోండి. కార్డు లేని పిల్లకు వెయ్యలేదనే లెక్క, నెల తర్వాత రెండో డోసు, మళ్ళీ ఆరు నెలలకో ఏడాదిలోపో మూడోది. ఆ తేదీలు ఇప్పుడే మీ క్యాలెండర్ మీద రాసుకోండి, ఎందుకంటే గొడవ సద్దుమణిగాక రెండో డోసు ఎవరికీ గుర్తుండదు. వంటవాళ్ళు, వాచ్‌మన్, స్వీపర్, టీచర్లు, మీరు, అందరూ వేయించుకోండి. వంటవాళ్ళ గొంతు శాంపిల్ తీశారో లేదో కనుక్కోండి, తియ్యకపోతే ఫలితం వచ్చేదాకా వాళ్ళను వడ్డనకు దూరంగా ఉంచండి.

ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు నేను కొంచెం ఎక్కువసేపు జవాబు చెప్తాను, ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు తెలియక నేనే ఒకప్పుడు నష్టపోయాను. ల్యాబులో ఏం జరుగుతుందంటే, శాంపిల్‌ను ముందు రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఆకుపచ్చని సన్నని పుల్లల్లాంటి క్రిములు, చివర్లలో నల్లటి చుక్కలు, చైనా అక్షరాలు చల్లినట్టు కనిపిస్తాయి. కానీ మన గొంతులో మామూలుగా ఉండే హాని చెయ్యని బంధువులు కూడా అచ్చం అలాగే ఉంటాయి, కాబట్టి అది చాలదు. టెల్యూరైట్ అనే మందు కలిపిన పళ్ళెంలో పెంచితే ఇది నల్లటి చుక్కలుగా పెరుగుతుంది, దానికి ఒకటి రెండు రోజులు. అయినా కథ పూర్తి కాదు, ఎందుకంటే ఈ క్రిముల్లోనే విషం వదిలేవి ఉన్నాయి, వదలనివి ఉన్నాయి. అది తేల్చడానికి ఎలెక్ టెస్ట్ అని ఉంది: యాంటీటాక్సిన్‌లో ముంచిన కాగితం పట్టీ పళ్ళెంలో పరిచి, దానికి అడ్డంగా క్రిమిని గీతలా పూస్తారు. క్రిమి వదిలిన విషం, పట్టీలోంచి వచ్చిన మందు కలిసిన చోట సన్నని తెల్ల గీత ఏర్పడుతుంది. దీనికి ఇంకో రోజో రెండు రోజులో. పీసీఆర్ ఉన్నచోట తొందరగా తేలుతుంది, కానీ శాంపిల్ అక్కడికి చేరాలి కదా. మొత్తం మీద మూడు నాలుగు రోజులు పట్టేస్తుంది.

ఆ మూడు నాలుగు రోజులూ విషం ఆగదు. రక్తంలో తిరుగుతున్న విషాన్నే యాంటీటాక్సిన్ పట్టుకోగలదు, ఒకసారి గుండె కండరంలోకో నరంలోకో దూరిపోయాక దాన్ని బయటికి లాగే మందు లోకంలో లేదు. యాంటీబయాటిక్ క్రిమిని చంపుతుంది, అప్పటికే వదిలిన విషాన్ని ఏమీ చెయ్యదు. అందుకే పొర చూసిన డాక్టరు శాంపిల్ తీసి, రిపోర్టు కోసం ఆగకుండా అదే పూట సీరం ఎక్కించాలి, అదే సరైన వైద్యం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక జిల్లా ఆసుపత్రిలో తొమ్మిదేళ్ళ బాబు వచ్చాడు. పొర ఉంది, బూడిద రంగులో, టాన్సిల్ దాటి కొండనాలుక దాకా పాకింది. రిపోర్టు రానివ్వండి, సీరం తెప్పించాలంటే కాగితం కావాలి కదా అన్నారు పెద్దవాళ్ళు, నేనూ గట్టిగా అడగలేదు. మూడో రోజు రిపోర్టు వచ్చింది, సీరం వచ్చింది, ఊపిరి కూడా బాగానే ఉంది, తొమ్మిదో రోజు పొద్దున మంచం దిగి బాత్రూంకి నడిచి వెళ్ళి అక్కడే కుప్పకూలిపోయాడు. గుండె. ఇన్నేళ్ళయినా ఆ బాబు చెప్పులు మంచం కింద ఎలా ఉన్నాయో నాకు గుర్తుంది. మీ అమ్మాయి విషయంలో ఆ తప్పు జరగలేదని వాళ్ళ నాన్నకు నా మాటగా చెప్పండి.

సీరం గుర్రం రక్తం నుంచి తయారవుతుంది, కొంతమందికి పడదు, కాబట్టి ముందు చాలా కొద్దిగా ఇచ్చి చూస్తారు, పడకపోతే వెంటనే ఇవ్వడానికి అడ్రినలిన్ సిరంజిలో సిద్ధంగా పెట్టుకుంటారు. డోసు పిల్ల బరువును బట్టి కాదు, పొర ఎంత పాకింది, ఎన్ని రోజులైంది అన్నదాన్ని బట్టి: రెండు రోజుల్లోపు గొంతు వరకే ఉంటే 20,000 నుంచి 40,000 యూనిట్లు, మీ అమ్మాయిలా మూడు రోజులు దాటి మెడ వాస్తే 80,000 నుంచి లక్ష దాకా. ఇచ్చిన వారం పది రోజులకు ఒంటి మీద దద్దుర్లు, కీళ్ళ నొప్పులు, జ్వరం రావచ్చు, మళ్ళీ జబ్బు తిరగబెట్టిందని ఆయన భయపడకుండా ఇది కూడా చెప్పండి. డాక్టరుకు చూపిస్తే తగ్గిపోతుంది.

మీ దగ్గర మిగిలిన పిల్లలకు మాత్రలు ఏడు నుంచి పది రోజులు వాడమని ఇచ్చి ఉంటారు, ఎరిత్రోమైసిన్ అయితే కడుపులో తిప్పుతుంది, పిల్లలు దిండు కింద దాచేస్తారు. అన్నం తిన్నాక, మీ ఎదుట మింగించి, నోరు తెరిపించి చూడండి. మాత్రలు అసలు పడని పిల్లలుంటే ఒక్కసారి వేసే పెన్సిలిన్ ఇంజెక్షన్ ఉంటుంది, ఆ సంగతి మెడికల్ ఆఫీసర్ని అడగండి. రోజూ పొద్దున అటెండెన్స్ తీసుకునేటప్పుడే గొంతు నొప్పి ఉందా, మింగడం కష్టంగా ఉందా అని అడుగుతూ, నుదురు తాకి, మెడ చూసి, రిజిస్టర్లో ఆ పక్కనే టిక్కు పెట్టండి. ఈ జబ్బులో జ్వరం పెద్దగా ఉండదు, థర్మామీటర్ 100 చూపించినా పిల్ల వాడిపోయి కనిపిస్తుంది, అది గమనించండి. కాళ్ళ మీద మానని పుండ్లున్న పిల్లలుంటే అవి కూడా సిబ్బందికి చూపించండి, ఈ క్రిమి పుండులో కూడా ఉంటుంది, చాలామంది అది చూడటం మర్చిపోతారు. గొంతులో పొర కనిపిస్తే చెంచాతోనో దూదితోనో గీకొద్దు, రక్తం వస్తుంది, ఇంకా వాస్తుంది. ఊపిరి తీసేటప్పుడు చప్పుడు వస్తున్నా, గొంతు బొంగురుపోయినా నోరు తెరిపించే పని కూడా పెట్టుకోకుండా కూర్చోబెట్టే 108లో పంపండి, ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి 'డిప్తీరియా అనుమానం, సీరం ఉందా' అని అడగండి. సీరం తయారుచేసే కంపెనీలు కొద్దే, అన్ని ఆసుపత్రుల్లోనూ నిల్వ ఉండదు.

మంచాలు వీలైనంత దూరం జరిపి, ఒకరి తల ఉన్నవైపు పక్కవాళ్ళ కాళ్ళు ఉండేలా వేయించండి. కుండ దగ్గర ఒకే గ్లాసు గొలుసుతో కట్టి ఉంటే ఇవాళే తీసేయండి. కంచాలు, గ్లాసులు వేడినీళ్ళలో కడిగించండి, కిటికీలు తీసి ఉంచండి.

మీ మూడు రోజుల గురించి. గొంతు నొప్పి వచ్చిన ప్రతి పిల్లనూ మొదటి రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళే వార్డెన్ ఉండదు. టాన్సిల్స్ అన్న మనిషి టార్చి వేసి చూశాడో లేదో మీకు తెలియదు, ఈ జబ్బును కళ్ళతో చూసిన డాక్టర్లే తగ్గిపోయారు. మాట ముద్దగా వచ్చిన పూటే మీరు బండి పెట్టారు. ఆ పూట ఇంకో రాత్రి చూద్దామనుకుని ఉంటే ఆ అమ్మాయి వచ్చే వారం తిరిగి వచ్చేది కాదేమో. నిద్ర పట్టనప్పుడు ఆ 22 మంది లిస్టు పూర్తయిందో లేదో చూసుకోండి.

ఆ అమ్మాయి వచ్చేముందు డిశ్చార్జి కాగితంలో రెండు విషయాలు ఉన్నాయో చూడండి: 14 రోజుల యాంటీబయాటిక్ అయ్యాక రెండు శాంపిళ్ళూ నెగటివ్ వచ్చాయని, ఈసీజీ మళ్ళీ ఎప్పుడు తియ్యాలో. ఈ జబ్బు ఒకసారి వచ్చినంత మాత్రాన మళ్ళీ రాదని లేదు, కాబట్టి టీడీ ఈమెకూ పడాలి. బాగానే ఉందని పీఈటీ గారు గ్రౌండులో పరుగెత్తిస్తారు, అది కుదరదని ఆయనకు రాసి ఇవ్వండి. నీళ్ళ బకెట్లు, పై అంతస్తు మెట్లు, పొద్దున వ్యాయామం డాక్టరు చెప్పేదాకా వద్దు, మంచం బాత్రూంకి దగ్గర వేయించండి. ఆయాసం, గుండె దడ, కళ్ళు తిరగడం ఏది చెప్పినా ఆ క్షణమే ఆసుపత్రి. ఇంకొకటి, భోజనాల దగ్గర ఆమె పక్కన కూర్చోండి కొన్నాళ్ళు. తాగిన నీళ్ళు ముక్కులోంచి వచ్చినా, మాట ముక్కుతో మాట్లాడినట్టు అయినా, ఆ తర్వాత వారాల్లో కాళ్ళు చేతులు పట్టు తప్పినా, అది నరాల మీద పడ్డ విషం ప్రభావం. మామూలుగా నెమ్మదిగా పూర్తిగా తగ్గిపోతుంది, కానీ పొలమారే ప్రమాదం ఉంది కాబట్టి డాక్టరుకు చూపించి, అప్పటిదాకా నీళ్ళలాంటివి కాకుండా మెత్తటి జావ, పెరుగన్నం పెట్టించండి. మిగతా పిల్లలు నవ్వకుండా చూసుకోండి.